వెళ్ళిపోయినవాళ్ళనూ ఆడించిన ఉస్తాద్: సయ్యద్ అబ్దుల్ రహీం

2021లో లిస్టన్ కొలాసో హైదరాబాద్ ఎఫ్‌సీ వదిలి కలకత్తా జట్టు ఏటీకే మోహన్ బగాన్‌కు వెళ్ళినప్పుడు, గచ్చిబౌలి నుంచి వెలిమెల, పటాన్‌చెరు దాకా ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్ళ మధ్య పెద్ద వాదనే నడిచింది. ఇక్కడ ఉన్నప్పుడు అతను చాలా మ్యాచ్‌ల్లో బెంచి మీద నుంచి ఆలస్యంగా దిగేవాడు. అక్కడికి వెళ్ళిన మొదటి ఐఎస్‌ఎల్ సీజన్‌లోనే 8 గోల్స్ కొట్టాడు. కోచ్ అతన్ని గుర్తించలేదని కొందరు, డబ్బు చూసుకుని పోయాడని కొందరు, మనం కప్పు గెలిచాం కదా ఇంకేం కావాలని మరికొందరు. నిజంగానే ఆ ఏడాది సెమీ ఫైనల్లో హైదరాబాద్ అదే మోహన్ బగాన్‌ను దాటుకుని 2022 మార్చిలో ట్రోఫీ ఎత్తింది. అయినా వాదన ఆగలేదు.

ఈ పంచాయితీ హైదరాబాద్‌కు కొత్త కాదు. అరవై, డెబ్బై ఏళ్ళ కింద కూడా ఇక్కడి పిల్లగాళ్ళు కలకత్తాకు పోయి పెద్ద పేరు తెచ్చుకున్నారు, ఇక్కడి జనం పోట్లాడుకున్నారు. అప్పుడు ఆ పిల్లలను తయారు చేసిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. 2024లో వచ్చిన మైదాన్ సినిమా చూసినవాళ్ళకు ఆయన పేరు తెలుసు. కానీ సినిమాలో కనిపించేది ఎక్కువగా ఇండియా కోచ్ రహీం. హైదరాబాద్ రహీం కథ అందులో తక్కువ.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, అక్కడి జట్టుకు ఆడారు, తర్వాత ఖమర్ క్లబ్‌కు ఆడారు. వృత్తి మాత్రం టీచర్. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పి, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటల బాధ్యత చూసుకున్నారు. ఆయన పోలీసు మనిషి కాదు, ఇది గుర్తుంచుకోవాలి. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు, చనిపోయే దాకా ఆ జట్టును వదల్లేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా కూడా ఆయనే పనిచేశారు. అంటే బస్తీ మైదానంలో ఏ మూల ఏ పిల్లవాడు బాగా తంతున్నాడో ఆయనకు తెలిసిపోయేది.

1950 అంటే ఎట్లాంటి కాలమో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ జరిగి రెండేళ్ళు. నిజాం సర్కారులో ఉన్న ఎన్నో ముస్లిం కుటుంబాలకు నౌకరీలు పోయాయి. బంధువుల్లో కొందరు కరాచీకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకు రేపు ఏంటో తెలియదు. అట్లాంటి నగరంలో ఫుట్‌బాల్ బాగా ఆడితే పోలీసులో ఉద్యోగం, నెలనెలా జీతం, తలెత్తుకుని తిరిగే గౌరవం. సిటీ పోలీస్ జట్టు అంటే కేవలం ఆట కాదు, చాలా ఇళ్ళకు అది అన్నం.

ఆ జట్టును రహీం సాబ్ ఏం చేశారో లెక్క చూస్తే నమ్మబుద్ధి కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ హైదరాబాద్‌దే. 1950లో ఢిల్లీ డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. 1954లో మళ్ళీ డ్యూరాండ్. ఫుట్‌బాల్ అంటే కలకత్తానే అనుకునే దేశంలో ఒక పోలీసు జట్టు, అదీ దక్కన్ నుంచి, పోయి కప్పులు ఎత్తుకొస్తోంది.

ఆయన పద్ధతి వేరు. ఎడమ కాలితో మాత్రమే తన్నాలని ఒక టోర్నమెంట్ పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పాస్ ఇవ్వాల్సిందే అని ఇంకోటి. కుడి కాలి మొనగాడు కూడా ఎడమ కాలికి పని చెప్పక తప్పేది కాదు. ఒక్కడి పనితనం మీద ఆధారపడకుండా బంతి మనిషి నుంచి మనిషికి పరుగెత్తాలి. ఇక్కడే అసలు విషయం ఉంది. ఇట్లా కట్టిన జట్టులో ఒకరు పోయినా జట్టు కూలిపోదు. బెంచి మీద ఉన్నవాడికీ అదే పాఠం వచ్చు కాబట్టి వాడు లేచి నిలబడతాడు. కానీ దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఇక్కడ పదిమందిలో ఒకడిగా కనిపించే కుర్రాడు వేరే ఊరికి పోతే అక్కడ మొనగాడు అవుతాడు.

సరిగ్గా అదే జరిగింది తులసీదాస్ బలరాం విషయంలో. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు. తల్లిదండ్రులు తమిళులు, ఇంట్లో పేదరికం. ట్రయల్స్ జరిగే చోటుకు రోజూ రావడానికి చేతిలో డబ్బు లేకపోతే కిరాయి సైకిలుకు రహీం సాబ్ సాయం చేశారు. 1956-57 సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ బొంబాయిని ఓడించి మొదటిసారి దేశ చాంపియన్ అయినప్పుడు ఆ జట్టులో బలరాం ఉన్నాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన ఇండియా జట్టులోనూ ఉన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ళ పిల్లవాడు.

సిటీ పోలీస్‌లో అతను ఎక్కువ కాలం ఆడలేదు. 1957లో ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. ఈస్ట్ బెంగాల్ అంటే హైదరాబాద్‌కు ఊరికే ఇంకో క్లబ్ కాదు. అంతకు ముందు ఏడాదే డ్యూరాండ్ ఫైనల్లో సిటీ పోలీస్‌ను ఓడించి కప్పు పట్టుకుపోయిన జట్టు. పైగా అప్పట్లో పైకి అందరూ అమెచ్యూర్లే. ఆటకు జీతం ఇవ్వకూడదు, ఉద్యోగం ఇప్పించవచ్చు. కాబట్టి హైదరాబాద్ పోలీసులో స్థిరమైన కొలువు ఒక వైపు, కలకత్తాలో క్లబ్ ఇచ్చేది, రైల్వేలో ఉద్యోగం ఆశ, మైదానం నిండా వేలమంది జనం ఇంకో వైపు. ఇంట్లో తిండికి ఇబ్బంది ఉన్న కుర్రాడు ఏది ఎంచుకుంటాడు? పటాన్‌చెరు కంపెనీల్లో ఒక ఫిట్టర్ రెండు వేలు ఎక్కువిస్తే పక్క కంపెనీకి మారతాడు. వాణ్ణి ద్రోహి అని ఎవరూ అనరు. ఫుట్‌బాల్ ఆడేవాడు మారితే మాత్రం అంటారు. అభిమానం అట్లా ఉంటుంది.

అక్కడ బలరాం ఏం చేశాడో తెలిసిందే. 1958-59లో సంతోష్ ట్రోఫీ మళ్ళీ గెలిచాడు, ఈసారి బెంగాల్ జెర్సీ వేసుకుని. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు. చూనీ గోస్వామి, పీకే బెనర్జీల పక్కన మూడో పేరుగా దేశమంతా అతన్నే చెప్పుకున్నారు.

మరి హైదరాబాద్ ఏమైంది? ఏడుస్తూ కూర్చోలేదు. బలరాం వెళ్ళిన అదే 1957లో డ్యూరాండ్ ఫైనల్లో సిటీ పోలీస్ ఈస్ట్ బెంగాల్‌ను ఓడించింది. అదే ఏడాది రోవర్స్ కప్ కూడా గెలిచింది. 1957-58 సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌లోనే జరిగితే దాన్నీ నిలబెట్టుకున్నారు. రాష్ట్రం మారాక జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1960లో రోవర్స్, 1961లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్. 1962 రోవర్స్ ఫైనల్లో ఎదురుగా మళ్ళీ ఈస్ట్ బెంగాల్. ఎవరూ తగ్గలేదు, ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. అభిమానుల వాదనకు ఇంతకంటే మంచి జవాబు ఎవరు చెప్పగలరు?

అయితే రహీం సాబ్‌కు ఇంకో టోపీ ఉంది. ఆయన ఇండియా జట్టు కోచ్. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు అక్కడ. ఆ దెబ్బ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి నాలుగో స్థానం. ఆసియా దేశం ఒకటి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కు రావడం అదే మొదటిసారి.

ఈ టోపీ పెట్టుకున్నప్పుడు ఆయన ఎవరు ఏ క్లబ్‌లో ఉన్నారో చూడలేదు. తన జట్టును వదిలి వెళ్ళినవాడిని పక్కన పెట్టడం ఆయనకు కష్టం కాదు. సెలక్షన్ రాజకీయాలు అప్పుడూ ఉన్నాయి. కానీ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలరాంను ఆడించారు. హంగేరీ మీద ఇండియా కొట్టిన ఒక్క గోల్ అతనిదే. అదే రోమ్ జట్టులో రహీం సాబ్ సొంత కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. మూడు మ్యాచ్‌లు జరిగాయి. హకీం ఒక్కదాంట్లోనూ దిగలేదు. ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయిన బలరాం మైదానంలో, కన్న కొడుకు బెంచి మీద. రహీం సాబ్ ఆటగాళ్ళను ఎట్లా చూశారో తెలుసుకోవడానికి ఆయన మాటలు వెతకాల్సిన పని లేదు, ఈ జట్టు పట్టిక చాలు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఆయన చివరి పెద్ద పని. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను ఓడించారు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అతన్ని పక్కన కూర్చోబెడతారని అందరూ అనుకుంటే, రహీం సాబ్ తీసుకెళ్ళి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద అతను గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్. ఇండియా అధికారి ఒకరు చేసిన వ్యాఖ్యల వల్ల జకార్తా జనం మన జట్టు మీద కోపంగా ఉన్నారు. స్టేడియం అంతా ఎదురు అరుపులే. ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి. 2-1. ఆ తర్వాత ఇండియాకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం మళ్ళీ రాలేదు.

ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్ళను చూడండి. గోల్‌లో హైదరాబాద్‌లో పుట్టి ఆర్మీ జట్టు మీదుగా కలకత్తా చేరిన పీటర్ తంగరాజ్. ముందు వరుసలో అమ్ముగూడ బలరాం. వాళ్ళతోపాటు హైదరాబాద్ పోలీస్‌ను ఎన్నడూ వదలని యూసుఫ్ ఖాన్. వెళ్ళినవాళ్ళు, ఉన్నవాడు ఒకే రంగు జెర్సీలో. ఉండిపోయిన యూసుఫ్ ఖాన్‌కు తర్వాతి జీవితం సుఖంగా గడవలేదు. పార్కిన్సన్స్ జబ్బుతో బాధపడి 2006లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఊరిని వదలనందుకు ఊరు ఆయనకు ఏమిచ్చిందని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

జకార్తా నుంచి వచ్చిన ఏడాది లోపలే రహీం సాబ్‌ను క్యాన్సర్ మంచాన పడేసింది. 1963 జూన్ 11న ఇంతెకాల్ అయ్యారు. 53 ఏళ్ళు. ఆ ఏడాది రోవర్స్ కప్ ఆంధ్రప్రదేశ్ పోలీస్ మళ్ళీ గెలిచింది. 1950 నుంచి లెక్కేస్తే తొమ్మిదోది. ఆయన వేసిన నారు ఇంకా పచ్చగా ఉంది.

కానీ నారు పోసే చెయ్యి లేకుండా పోయింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్‌నే ఓడించింది. 1966లో ఆ తరం కుర్రాళ్ళు మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన ఇండియా జట్టుకు కెప్టెన్. హబీబ్ 1977లో పెలే ఉన్న కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. ఇద్దరూ కలకత్తా పెద్ద క్లబ్బులు మూడింటికీ ఆడారు. బలరాం వెళ్ళినప్పుడు అదే ఏడాది ఈస్ట్ బెంగాల్‌ను ఓడించిన ఊరు, ఈసారి వాళ్ళ స్థానంలో అంతటి వాళ్ళను నిలబెట్టలేకపోయింది. సంతోష్ ట్రోఫీ ఆ తర్వాత ఇటువైపు రాలేదు. తప్పు వెళ్ళినవాళ్ళదా అంటే, 1957 లెక్క చూసినవాళ్ళెవరూ అవును అనలేరు.

బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ముప్పై నిండకముందే ఆట ఆపేశాడు. తిరిగి హైదరాబాద్ రాలేదు. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో స్థిరపడి 2023 ఫిబ్రవరిలో చనిపోయాడు. హబీబ్ మాత్రం ఆట అయ్యాక ఇంటికి వచ్చేశాడు. అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశాడు.