కర్బన రసాయనశాస్త్రానికి వ్యాకరణం కూర్చిన కెకూలే

కర్బన రసాయనశాస్త్రమనగానే మన విద్యార్థులలో అనేకుల ముఖాలు వాడిపోతాయి. పరీక్షలు సమీపించగానే పుటలకు పుటలు వల్లెవేసి, ఫలితాలు వెలువడిన నాడు విధిని నిందించుకొనేవారిని మేము ఏటా చూస్తున్నాము. అట్టివారి ప్రయోజనార్థం, ఈ శాస్త్రాన్ని ఒక క్రమంలో నిలిపిన ఆగస్ట్ కెకూలే జీవితాన్ని సంగ్రహంగా వివరింపదలచాము.

కెకూలే 1829 సెప్టెంబరు 7వ తేదీన జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో జన్మించారు. బాల్యంనుండి చిత్రలేఖనంలో నేర్పరి. 1847లో గీసెన్ విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్ప విద్యార్థిగా చేరారు. అక్కడ లీబిగ్ మహాశయుని ఉపన్యాసాలు విని రసాయనశాస్త్రం వైపు ఆకర్షితులయ్యారు. బంధువులు పునరాలోచించుకొమ్మని గడువు విధించినా ఆయన నిశ్చయం సడలలేదు. ఆరోగ్యాన్ని ధారపోయనిదే ఈ శాస్త్రం పట్టుబడదని లీబిగ్ హెచ్చరించగా, దానిని శిరసావహించి ఏళ్ల తరబడి రాత్రివేళ మూడు నాలుగు గంటలు మాత్రమే నిద్రించారు. విద్యార్థులు నిద్ర మానాలని మా ఉద్దేశం కాదు. ఆ పట్టుదల మాత్రం గ్రహింపదగినది.

ఆనాడు ఈ శాస్త్రం మార్గం లేని అరణ్యం. ఒక్క ఎసిటిక్ ఆమ్లానికే వాడుకలో ఉన్న 19 ఫార్ములాలను కెకూలే 1861 నాటి తన పాఠ్యగ్రంథంలో వరుసగా చూపారు. ఈ గందరగోళానికి విరుగుడును ఆయన 1858లోనే ప్రకటించారు. కార్బన్ పరమాణువు సంయోజకత నాలుగు. కార్బన్ పరమాణువులు ఒకదానితో ఒకటి కలిసి గొలుసులుగా ఏర్పడగలవు. స్కాట్లాండు దేశీయుడు కూపర్ కూడా అదే ఏడాది స్వతంత్రంగా ఈ భావాన్నే వెల్లడించారు.

భాషలో గుణింతాలు, సంధి సూత్రాలు ఎరిగినవాడు మునుపెన్నడూ చూడని పదాన్నైనా చదువగలడు. పదాలను బొమ్మలవలె గుర్తుంచుకొనేవాడు కొత్త పదం ఎదురుకాగానే నిలిచిపోతాడు. కెకూలే కర్బన రసాయనశాస్త్రానికి ప్రసాదించినది అట్టి వ్యాకరణమే.

1825లో ఫారడే కనుగొన్న బెంజీన్ మరొక చిక్కుముడి. ఆరు కార్బన్, ఆరు హైడ్రోజన్ పరమాణువులు అందులో ఎట్లు అమరినవో ఎవరికీ తెలియదు. బెల్జియంలోని గెంట్‌లో ఆచార్యులుగా ఉన్న కెకూలే 1865లో అది వలయమని ప్రతిపాదించారు. తన తోకను తానే కరచుకొన్న సర్పాన్ని నిద్రమత్తులో చూచిన వృత్తాంతాన్ని 1890లో బెర్లిన్ సన్మానసభలో స్వయంగా వినిపించారు. మన విద్యార్థులు ఆ కలను ముచ్చటగా చెప్పుకొంటారు. కలకు ముందు జరిగిన ఏళ్ల కృషిని విస్మరిస్తారు. స్వప్నంలో తోచినదానిని మేల్కొన్న బుద్ధితో పరీక్షింపవలెనని ఆ సభలోనే ఆయన హితవు పలికారు. 1929లో కాథ్లీన్ లాన్స్‌డేల్ అనే విదుషి ఎక్స్ కిరణాల సాయంతో ఆ వలయం చదునైన షడ్భుజమని నిరూపించారు.

1867 నుండి 1896 జూలై 13న మరణించేవరకు ఆయన బాన్ విశ్వవిద్యాలయంలో బోధించారు. పరమాణువుల నమూనాలను చేతపట్టి అణునిర్మాణాన్ని కన్నులకు కట్టించేవారు. రసాయనశాస్త్రంలో తొలి ఐదు నోబెల్ బహుమతులలో మూడింటిని పొందిన వాంట్ హాఫ్, ఫిషర్, బేయర్‌లు ముగ్గురూ ఒకప్పుడు ఆయన వద్ద విద్య నేర్చినవారే.

ప్రియ విద్యార్థులారా! ఈ జీవితం మనకు బోధించే మార్గం సులభమైనదే. ప్రతి నిర్మాణాన్ని స్వహస్తంతో గీయండి. ప్రతి కార్బన్‌కు నాలుగు బంధాలు సరిపోయినవో లేదో లెక్కించండి. ప్రతి చర్యలోనూ ఏ బంధం తెగినది, ఏది ఏర్పడినది, ఎందుకని ప్రశ్నించుకొనండి. పుస్తకం మూసి మరల గీయండి. తప్పు దొరికినచోట సిగ్గుపడక అధ్యాపకుని అడగండి. పరీక్షకు ముందు ఒక రాత్రి చేసే జాగరణకంటే దినదినం ఒక గంట చేసే ఈ అభ్యాసం మిన్న. భయం కంఠస్థంతో పోదు, అవగాహనతోనే పోతుందని మా దృఢవిశ్వాసం.