డ్రిల్లు మాస్టారు రహీం సాహెబ్

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి వ్రాయమని సంపాదకులు కోరగానే నాకు గుర్తుకు వచ్చినది ఒక బడిపంతులు. మన విశాఖలో సాయంత్రం ఏ మైదానం చూసినా క్రికెట్టే. ఫుట్‌బాల్‌లో ఆసియా ఖండాన్నే గెలిపించిన గురువు మన తెలుగు గడ్డ మీద ఉండేవాడంటే మనుమలు నమ్మరు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, బి.ఏ. పూర్తిచేసి ఉపాధ్యాయులయ్యారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పిల్లలకు ఆటలు నేర్పారు.

ఆయన పద్ధతి అచ్చంగా పంతులు పద్ధతే. కుడికాలి వాటం పిల్లవాడి చేత ఎడమకాలితో ఆడించేవారు. బంతిని తన వద్దే ఉంచుకోకుండా తోటివాడికి అందించడం అలవాటు కావాలని ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది.

భారత జట్టు శిక్షకునిగా 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవారు చాలామంది బూట్లు లేకుండా ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. రహీం గారు క్రుంగిపోలేదు. హంగేరీ ఆటతీరును గమనించి, సెంటర్ ఫార్వర్డును కొంత వెనుకకు జరిపి కొత్త వ్యూహం నేర్పారు. 1956 మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే.

1962 జకార్తా క్రీడల నాటికి నేను బడిలో చదువుకుంటున్నాను. అప్పటికే ఆయన శరీరాన్ని క్యాన్సర్ తొలుస్తున్నది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పగా, అక్కడి జనం మనపై కోపంగా ఉన్నారు. తొలి ఆటలో దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించింది. తరువాత తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం గారు ఫార్వర్డుగా ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో, అదే కొరియాపై పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేశారు. 2-1తో స్వర్ణం మనదయింది. మన సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులోని వాడే.

ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. వయస్సు 53. పదవీ విరమణ సుఖం ఆయనకు దక్కలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని మొదలు కాలేదు. 2024లో మైదాన్ అనే హిందీ చిత్రం వచ్చాకనే ఆయన పేరు చాలామందికి తెలిసింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

జబ్బుతో ఉండి కూడా అప్పగించిన పని పూర్తిచేసి వెళ్లిన మనిషి ఆయన. నలభై ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపిన మనకు ఆ విలువ తెలుసు. మనుమలకు ఈ కథ మనమే చెప్పాలి.