హెన్రీ మార్టిన్ గారి దానాపూరు దినములు

సికింద్రాబాదు స్టేషనులో దానాపూరు బండిని చూచినవారు మనలో అనేకులుందురు. మన ప్రాంతములకు కూలిపనికి వచ్చు బీహారు సహోదరులు తరచుగా ఆ బండిలోనే వచ్చుచుందురు. ఆ దానాపూరు పాట్నాకు పడమట గంగ ఒడ్డున నున్నది. రెండువందల యేండ్ల క్రిందట దానిని దీనాపూరనిరి. అప్పుడది సిపాయిల బారకులు, చిన్న బజారు, చుట్టును పల్లెలు గల ఊరు. అక్కడ రెండేండ్లకు పైగా పాటుపడి, తన పని ఫలించినట్లు చూడక వెడలిపోయిన ఒక యౌవనస్థుని సంగతి ఈ నెల చెప్పదలచితిమి.

హెన్రీ మార్టిన్ గారు 1781 ఫిబ్రవరి 18న ఇంగ్లాండులోని ట్రూరోలో పుట్టిరి. తండ్రి మొదట గనిలో పనిచేసి, తరువాత ఒక వర్తకుని యొద్ద గుమాస్తా ఆయెను. కుమారుడు కేంబ్రిడ్జిలో చదివి, 1801లో గణితశాస్త్రమున అందరికంటె మొదటివాడుగా తేలెను. తెలివి ఎంతో కోపమును అంత. ఒకసారి భోజనపు బల్లయొద్ద కోపము పట్టలేక స్నేహితునిమీదికి కత్తి విసరెను; అది తప్పిపోయి గోడకు గ్రుచ్చుకొనెను. దైవజనులు పుట్టుకతోనే సాత్వికులని తలంచువారి కొరకు దీనిని దాచక వ్రాయుచున్నాము. 1800లో తండ్రి చనిపోయిన తరువాత ఆయన హృదయము ప్రభువు తట్టు తిరిగెను.

మిషనెరీగా వెళ్లవలెనని కోరెను గాని 1804లో ఇంటి ఆస్తి పోయెను, చెల్లెలి పోషణ మీద పడెను. కనుక ఈస్టిండియా కంపెనీ చాప్లెయినుగా జీతమునకు కుదిరి 1805లో ఓడ ఎక్కెను. లిడియా గ్రెన్‌ఫెల్ అను కన్యను ఆయన ప్రేమించెను. ఆమె వెంట రాలేదు.

1806 మే నెలలో కలకత్తా చేరి, అక్టోబరులో బజరా అను ఇల్లువంటి పడవలో గంగమీద ఎదురేగెను. దారిలో పడవ నిలిచినచోటెల్ల దిగి, ఒడ్డు పల్లెలకు నడిచిపోయి కరపత్రములు పంచెను. ఆరు వారములకు, నవంబరు చివర, దీనాపూరు చేరెను.

అక్కడ ఆయనను ఆదరించినవారు కొద్దిమంది. తెల్లదొరలకు ఆయన బోధ కటువుగా తోచెను. కాగితము చూడకుండ ప్రసంగింపవద్దని వారు కోరగా, ఆయన అదియు ఒప్పుకొనెను. ఆరాధనకు గుడి లేదు, బారకులోని గదియే గుడి. దినదినము ఆసుపత్రికి పోయి రోగులైన సిపాయిల మంచములయొద్ద కూర్చుండెను. ఆ సిపాయిలతో కాపురమున్న ఈ దేశపు స్త్రీలను ఎవరును లెక్కచేయకుండిరి. వారికొరకు ఆయన హిందుస్తానీలో ఆరాధన జరిపెను. వారు మాటలు గ్రహించిరో లేదో అని ఆయనకు ఎప్పుడును సందేహమే.

తన జీతములోనుండి దీనాపూరులోను చుట్టుప్రక్కలను పిల్లలకు బడులు పెట్టించెను. పిల్లలను కిరస్తానీలుగా చేయుదురని వదంతి పుట్టగా తలిదండ్రులు భయపడిరి. మన పల్లెలలోని మొదటి మిషను బడుల సంగతి పెద్దలనోట విన్నవారికి ఇది వింత కాదు. ఆయన తొందరపడలేదు. కొంతకాలమైన తరువాతనే కొండమీది ప్రసంగమును చదువు పుస్తకముగా పెట్టించెను.

1807 అక్టోబరులో లిడియా జాబు వచ్చెను. రమ్మని ఆయన వ్రాసి పదునైదు నెలలాయెను. తల్లి సమ్మతించలేదు, రాలేనని ఆమె వ్రాసెను. ఆయనకు తరువాత పెండ్లి లేదు, ఆమెకును లేదు. ఆ శీతకాలమంతయు ఆయన బల్లయొద్దనే ఉండి క్రొత్త నిబంధనను హిందుస్తానీలోనికి తిప్పుచుండెను. పుస్తకభాష ఒకటి, పల్లెవాని నోటిమాట మరొకటి అని దీనాపూరు ఆయనకు నేర్పెను. మీర్జా ఫిత్రత్ అను పండితుడు తోడుండెను. సబాత్ అను అరబ్బీవాడు ఆ నవంబరులో వచ్చి చేరెను. ఇతడు అంతకుముందు మన విశాఖపట్టణములో కంపెనీ న్యాయస్థానమున ఉద్యోగిగా నుండి, అక్కడనే అరబ్బీ క్రొత్త నిబంధన చదివి, మద్రాసులో బాప్తిస్మము పొందినవాడు. వీడు మహా కలహప్రియుడు. కత్తి విసరిన మార్టిన్ గారు వీని కోపమును ఎట్లు సహించిరో మాకు ఆశ్చర్యము.

1809 ఏప్రిల్‌లో, వడగాలిలో పల్లకీమీద, ఆయనను కాన్పూరుకు మార్చిరి. క్షయ అప్పటికే పట్టుకొనియుండెను. అక్కడ ఆదివార సాయంకాలములందు తన దొడ్డికి భిక్షగాండ్రు వందలకొలది వచ్చిరి, ఒక్కొక్కప్పుడు ఎనిమిదివందలు. ఆయన దానమిచ్చి వాక్యము చెప్పెను. వారు కేకలువేసిరి, ఆయన గొంతు ఆరిపోయెను. ప్రక్కతోటలోని కొందరు మహమ్మదీయ యౌవనులు వేడుక చూడవచ్చి నవ్విరి. వారిలో షేక్ సాలిహ్ అను ఢిల్లీవాడు నవ్వుటకు వచ్చి వినుటకు నిలిచెను. వ్రాతపని అను నెపముతో సబాత్ యొద్ద చేరెను. బైండు చేయించుమని చేతికిచ్చిన క్రొత్త నిబంధన వ్రాతప్రతిని ఆ బైండింగుకు ముందే మొదటినుండి కడవరకు చదివెను.

మార్టిన్ గారు 1811 జనవరిలో పారసీక భాషాంతరమును సరిచేసికొనుటకై ఓడ ఎక్కిరి. అదే సంవత్సరము పెంతెకొస్తునాడు కలకత్తాలో సాలిహ్ బాప్తిస్మము పొంది అబ్దుల్ మసీహ్ అను పేరు పెట్టుకొనెను. మార్టిన్ గారు దానిని కన్నులార చూడలేదు. షీరాజులో పారసీక క్రొత్త నిబంధన ముగించి, ఇంటికి పోవుచు, 1812 అక్టోబరు 16న తురకదేశములోని టోకాటులో జ్వరముతో మరణించిరి. వయస్సు ముప్పదియొకటి. అర్మేనియా క్రైస్తవులు పాతిపెట్టిరి.

దీనాపూరు బల్లమీద వ్రాసిన హిందుస్తానీ క్రొత్త నిబంధన 1814లో సేరంపూరులో అచ్చయ్యెను. అబ్దుల్ మసీహ్ ఆగ్రాలో రోగులకు మందిచ్చుచు సువార్త చెప్పెను. 1825లో హీబర్ బిషప్పుగారు ఆయనను గురువుగా అభిషేకించునాటికి, మార్టిన్ గారు టోకాటులో నిద్రించి పదమూడేండ్లాయెను.