స్మిత్ కాలేజీకి తిరిగొచ్చిన అమ్మాయి

అమెరికన్ కవయిత్రి సిల్వియా ప్లాత్ పేరెత్తగానే అందరూ ఆమె చావు గురించే మాట్లాడతారు. 1963 ఫిబ్రవరిలో, లండన్‌లో, ముప్ఫయ్యేళ్లకే ఇద్దరు పసిపిల్లల్ని వదిలి ప్రాణం తీసుకున్నమాట నిజమే. నా మనసు మాత్రం అంతకు పదేళ్ల ముందు కాలేజీలో చదువుకుంటున్న సిల్వియా దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉన్నందుకేనేమో!

ఆమె 1932లో బోస్టన్‌లో పుట్టింది. ఎనిమిదేళ్లకే తండ్రి పోయాడు. తల్లి ఆరేలియా షార్ట్‌హ్యాండ్ పాఠాలు చెప్పి ఇద్దరు పిల్లల్నీ పెంచింది. 1950లో స్కాలర్‌షిప్ మీద స్మిత్ కాలేజీలో చేరింది సిల్వియా. కలిగినవాళ్ల పిల్లల మధ్య ప్రతి మార్కూ, ప్రతి బహుమతీ ఆమెకి అవసరమే. అమ్మకి రాసే ఉత్తరాల నిండా సంబరం. డైరీలో మాత్రం ఒంటరితనం, భయం. అలాంటి ఉత్తరాలు అందుకుంటే ఏ తల్లి మాత్రం అనుమానిస్తుంది చెప్పండి?

1953 జూన్‌లో న్యూయార్క్ పత్రిక 'మాద్మొజెల్' ఇరవైమంది కాలేజీ అమ్మాయిల్ని అతిథి సంపాదకులుగా పిలిస్తే, వాళ్లలో ఆమె ఒకతె. నెల తర్వాత అలిసిపోయి ఇల్లు చేరేసరికి, హార్వర్డ్ వేసవి కథారచన క్లాసులో సీటు రాలేదన్న కబురు. నిద్ర కరువైంది. పుస్తకం పట్టుకుంటే అక్షరం బుర్రకెక్కేది కాదు. కూతురి కాళ్లమీద గాట్లు కనబడగానే ఆరేలియా ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. తీరా అక్కడ, తగిన జాగ్రత్త లేకుండా ఇచ్చిన కరెంటు షాకులు పిల్లని మరింత బెదరగొట్టాయి. ఆగస్టు 24న ప్రాణం తీసుకోబోయింది. ఊరంతా గాలించారు. పేపర్లలో పడింది. రెండ్రోజులకి ఇంట్లోనే మూలుగు విని తమ్ముడు వారెన్ ఆమె ఉన్నచోటు కనిపెట్టాడు. తర్వాత 'ది బెల్ జార్' నవలకి ముడిసరుకు ఈ రోజులే.

ఆమె అందుకుంటున్న స్కాలర్‌షిప్ నవలా రచయిత్రి ఆలివ్ హిగ్గిన్స్ ప్రౌటీ పేరిట ఉన్నది. కబురు తెలియగానే ఆవిడ ముందుకొచ్చింది. తానూ ఒకప్పుడు మనసు చెదిరి కోలుకున్న మనిషే మరి. మెక్లీన్ ఆస్పత్రి ఖర్చుకి సాయం చేసింది. అక్కడ రూత్ బ్యూషర్ అనే లేడీ డాక్టరు మీద సిల్వియాకి గురి కుదిరింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మనసులో మాట ఆవిడతో చెప్పుకునేది. స్మిత్ కాలేజీ కూడా తలుపు మూసెయ్యలేదు. పిచ్చిదని ముద్రవేసి ఇంట్లో కూర్చోబెట్టడం ఎంతసేపు? 1954 మొదట్లో మళ్లీ క్లాసులో కూర్చుంది. 1955లో అత్యున్నత శ్రేణిలో డిగ్రీ, పైగా కేంబ్రిడ్జి వెళ్లడానికి ఫుల్‌బ్రైట్!

ఆ పట్టా ఇచ్చే రోజున ఆరేలియా కడుపు ఆపరేషనై కోలుకుంటూ ఉంది. అయినా ఆగలేదు. స్నేహితురాలి కారులో పరుపు వేయించుకుని, పడుకునే వెళ్లింది.