మెదడు కావలివారిని కనుగొన్న ఓర్తేగా

మెదడులోని నాడీకణాలను గురించి మనమందరమూ పాఠ్యగ్రంథాలలో చదువుకుంటాము. వాటి నడుమ నెలకొని ఉన్న ఇతర కణాలను మాత్రం చాలాకాలం ఎవరూ అంతగా లెక్కచేయలేదు. 1856లో జర్మన్ వైద్యుడు విర్కో వాటికి పెట్టిన న్యూరోగ్లియా అనే పేరుకు నాడుల జిగురు అని అర్థం. ఇటుకల నడుమ సున్నం వంటివే తప్ప వాటికి వేరొక ప్రయోజనం లేదని పలువురు తలచారు. ఆ అభిప్రాయాన్ని మార్చిన మహనీయులలో పియో దెల్ రియో ఓర్తేగా ప్రముఖుడు.

ఆయన 1882లో స్పెయిన్ దేశంలో, వల్లడోలిడ్ సమీపాన గల పోర్తిల్యో గ్రామంలో జన్మించాడు. 1905లో వైద్యపట్టం పొంది, కొంతకాలం స్వగ్రామంలోనే వైద్యం చేశాడు. అయితే ఆయన మనసు సూక్ష్మదర్శినిపైనే లగ్నమై ఉండేది. మాడ్రిడ్ నగరం చేరి అచూకర్రో అనే విద్వాంసుని వద్ద శిష్యరికం చేశాడు. 1918లో ఆ గురువు అకాలమరణం చెందాడు. ఆ రోజులలోనే ఓర్తేగా సిల్వర్ కార్బొనేట్‌తో మెదడు కణాలకు రంగు పట్టించే నూతన పద్ధతిని రూపొందించాడు.

ఆనాడు నాడీశాస్త్రానికి మకుటంలేని మహారాజు రామోన్ ఇ కహాల్. 1906లో నోబెల్ బహుమానం అందుకున్న ఆ మహామేధావి, నాడీకణాలు, ఆస్ట్రోసైట్లు పోగా మిగిలినవాటిని మూడవ తెగ కణాలుగా వర్ణించాడు. అవి ఒక తెగ కాదు, రెండని ఓర్తేగా నిరూపించాడు. 1919లో మైక్రోగ్లియాను, 1921లో ఆలిగోడెండ్రోగ్లియాను వివరించాడు. నాడీతంతువులకు తొడుగు కల్పించేవి రెండవరకం. మొదటిరకం కావలివారు: గాయం తగిలినచోట కొమ్మల వంటి చేతులను ముడుచుకొని, గుండ్రనై, మృతపదార్థాన్ని మ్రింగివేస్తాయి.

కహాల్‌తో మనస్పర్థలు ఏర్పడి 1920లో ఆయన ఆ ప్రయోగశాలను వీడవలసివచ్చింది. అయినా పరిశోధన ఆగలేదు. 1936లో అంతర్యుద్ధం చెలరేగగా స్వదేశమే వీడాడు. పారిస్, ఆక్స్‌ఫర్డ్ నగరాలలో కృషి సాగించి, 1940లో అర్జెంటీనా చేరాడు. 1945లో బ్యూనస్ అయర్స్‌లో పరాయిగడ్డపైనే కన్నుమూశాడు. 1986లో ఆయన అస్థికలు వల్లడోలిడ్ చేరాయి.

ఆయన పరిశోధన విలువ నేడు మరింత స్పష్టమవుతున్నది. అల్జీమర్ వ్యాధిలో మెదడున పేరుకొనే మాంసకృత్తుల గడ్డల చుట్టూ మైక్రోగ్లియా గుమిగూడుతాయి. వాటిలో పనిచేసే ట్రెమ్ 2 అనే జన్యువులోని కొన్ని మార్పులు ఆ వ్యాధి ముప్పును పెంచుతాయని 2013 నాటికి వెల్లడైంది. కావలి సక్రమంగా సాగకపోతే చెత్త తొలగదు. ఆ కణాలు అతిగా రెచ్చిపోతే, కంచే చేను మేసినట్లు, నాడీకణాలకే హాని కలుగుతుంది.

గురుస్థానంలోని వారిని గౌరవించడం మన ధర్మం. కాని కన్నులకు కనిపించిన సత్యాన్ని దాచడం గౌరవం కాదు. ఆశ్రయం పోయినా, దేశం పోయినా సత్యాన్ని విడువని ఓర్తేగా జీవితం విద్యార్థిలోకానికి ఆదర్శప్రాయం.