కల్నల్ మెకంజీ – దేశపటం

కృష్ణాతీర వాసులకు లంక అన్న మాట చిరపరిచితం. నది రెండు పాయలుగా చీలి నడుమ విడిచిన నేలను మనం లంక అంటాం. అక్కడ నిలిచి చూస్తే ఇరువైపులా గట్టు కనిపిస్తుంది. కాలిన్ మెకంజీ పుట్టిన దీవి అటువంటిది కాదు. స్కాట్లండుకు వాయవ్యంగా, అట్లాంటిక్ మహాసముద్రంలో విసరివేసినట్లున్న హెబ్రిడీస్ దీవులలో లూయిస్ ఒకటి. ఎడతెగని గాలికి చెట్టు నిలదొక్కుకోవడమే అరుదైన ఆ నేల మీద, స్టోర్నవే అనే రేవు పట్టణంలో 1754 ప్రాంతంలో ఆయన జన్మించాడు. యౌవనంలో ఆ రేవులోనే సుంకాల శాఖలో ఉద్యోగం చేశాడు. ఆయన మనసు మాత్రం గణితం మీద ఉండేది. లాగరిథమ్ గణనను కనిపెట్టిన జాన్ నేపియర్ వంశానికి చెందిన ఒక ప్రభువు తన పూర్వీకుని చరిత్ర రాయదలచి, భారతీయుల గణితజ్ఞానాన్ని గురించిన సమాచారాన్ని సేకరించే పనిలో మెకంజీ సహాయం తీసుకున్నాడు. ఆ ఆసక్తే ఆయన దృష్టిని భారతదేశం వైపు మళ్లించింది.

1783లో మెకంజీ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి చెన్నపట్నంలో దిగాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండవచ్చాయి. మళ్లీ స్వదేశం ముఖం చూడలేదు.

పదాతిదళం నుండి ఇంజనీర్ల దళానికి మారిన తరువాత ఆయన జీవితమంతా కొలతలతోనే గడిచింది. నెల్లూరు, ఒంగోలు మార్గాలను, గుంటూరు సీమను కొలిచాడు. మూడవ మైసూరు యుద్ధంలో శ్రీరంగపట్టణం ముట్టడిలో పాల్గొన్నాడు. యుద్ధానంతరం నిజాం రాజ్యంలోని కంపెనీ సైన్యానికి ఇంజనీరుగా నియమితుడై, ఆ విశాల రాజ్యానికి పటం తయారు చేసే పనికి పూనుకున్నాడు. ఇక్కడ ఒక నిజాన్ని దాచవలసిన పని లేదు. కంపెనీకి పటం కావలసింది శాస్త్రాభిమానంతో కాదు. ఫిరంగి బండి ఏ కనుమ గుండా పోగలదు, ఏ ఏరు ఏ నెలలో దాటవచ్చు, ఏ పరగణా ఎంత శిస్తు ఇయ్యగలదు అన్నవి తెలియడానికే ఏలినవారు పటాలు గీయించారు. మెకంజీ ఆ కొలువులో ఉన్నవాడే. అయితే ఆయన యజమానులు అడగని ప్రశ్న ఒకటి ఆయనను వెంటాడింది. ఈ ఊరు ఎక్కడ ఉన్నది అన్నది తెలిసింది. ఈ ఊరు ఎవరిది, ఎప్పటిది, దీనికి ఈ పేరెలా వచ్చింది?

ఆ ప్రశ్నకు సమాధానం దుర్భిణిలో దొరకదు. ఊరివారి నోట, కరణాల కవిలెలలో, గుడి గోడల శాసనాలలో దొరకాలి. మెకంజీకి మన దేశభాషలలో ప్రవేశం స్వల్పం. దేశానికి వచ్చిన పదమూడు సంవత్సరాల వరకు ఈ విషయంలో తాను సాధించినది చాలా కొద్దియేనని ఆయనే తరువాతి కాలంలో ఒక లేఖలో ఒప్పుకున్నాడు. 1796లో సింహళంలో కొలంబో కోటను పట్టుకున్న దండయాత్రలో పాల్గొని తిరిగి వచ్చిన తరువాత, కావలి వెంకట బొర్రయ్య ఆయనకు పరిచయమయ్యాడు.

బొర్రయ్య ఏలూరు వాసి. అప్పటికి ఇరవై ఏళ్ల యువకుడు. సంస్కృతాంధ్రాలే కాక ఇతర భాషలలోనూ పరిచయం గలవాడు. శిథిలమైన శాసనాల లిపిని ఓర్పుతో విప్పి చదివే నేర్పు ఆయనది. ప్రాచీన కన్నడ శాసనాలను చదివిన తొలి పరిశోధకులలో ఆయనను లెక్కిస్తారు. ఆయన ఊరూరా తిరిగి పెద్దలను కలిసి, కవిలెలు చూసి, శాసనాలకు నకళ్లు తీసి మెకంజీకి పంపేవాడు. శిస్తు పెంచడానికే ఈ ఆరా అని శంకించి నోరు విప్పనివారికి నచ్చజెప్పవలసినదీ ఆయనే. ఇలా సమకూడిన గ్రామచరిత్రలకే కైఫీయత్తులని పేరు. 1803లో, ముప్పై ఏళ్లు నిండకుండానే, బొర్రయ్య మరణించాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారాన్ని తలకెత్తుకున్నాడు. 1816లో థామస్ హికీ చిత్రించిన పటంలో ఎర్రకోటు తొడిగిన మెకంజీ ఒంటరిగా నిలువలేదు. ఆయన చుట్టూ ముగ్గురు భారతీయ సహాయకులున్నారు. ఒకరి చేతిలో తాటాకు ఉంది, మరొకరి చేతిలో దుర్భిణి ఉంది.

నందిగామ, జగ్గయ్యపేట, వీరులపాడు ప్రాంతాల వారికి మెకంజీ కథలో ఒక ఘట్టం చాలా చేరువైనది. ఆ రోజులలో ఈ మెట్టసీమ వాసిరెడ్డి వారి ఏలుబడిలో ఉండేది. జగ్గయ్యపేటకు తన తండ్రి పేరు పెట్టిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు, కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న చింతపల్లిని విడిచి అమరావతిలో కొత్త రాజధాని నిర్మించసాగాడు. కట్టడాలకు రాయి కావలసి పనివారు దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను తవ్వారు. చెక్కడాలతో నిండిన పాలరంగు రాతిపలకలు బయటపడ్డాయి. వార్త విని మెకంజీ 1797లో అక్కడకు వెళ్లాడు. అది బౌద్ధ మహాచైత్యమని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు. అయినా అది పోగొట్టుకోరానిదని మాత్రం గ్రహించాడు. ఆ వివరాలను తరువాత ఆసియాటిక్ రిసర్చెస్ పత్రికలో ప్రకటించాడు.

తిరిగి రావడానికి మాత్రం పంతొమ్మిదేళ్లు పట్టింది. ఆ కాలమంతా వేరే కొలువులకు ఖర్చయింది. 1799లో టిప్పు సుల్తాను మరణించగానే మైసూరు రాజ్యాన్ని కొలిచే బాధ్యత ఆయనకు అప్పగించారు. సుమారు 40,000 చదరపు మైళ్ల దేశం అది. చదునైన చోట ఒక సరళరేఖను గొలుసుతో జాగ్రత్తగా కొలుస్తారు. దానిని ఆధారరేఖ అంటారు. దాని రెండు కొసల నుండి దూరాన ఉన్న కొండ కొమ్మునో, కోట బురుజునో, గుడి గోపురాన్నో గురిచూసి కోణాలు గుర్తిస్తారు. ఒక భుజమూ రెండు కోణాలూ తెలిస్తే త్రిభుజం తెలిసినట్లేనని గణిత విద్యార్థులు ఎరుగుదురు. అలా తెలిసిన భుజమే మరో త్రిభుజానికి ఆధారమవుతుంది. త్రిభుజాల వల పరచుకున్న తరువాత, దాని కన్నులలో ఊళ్లు, చెరువులు, వాగులు, బాటలు వచ్చి చేరుతాయి. ఈ పని సుమారు పదేళ్లు సాగింది. పటాలతో పాటు ఏడు సంపుటాల నివేదిక తయారయింది. చరిత్ర సేకరణకు కంపెనీ చేయూత అంతంతమాత్రమే కావడంతో, మెకంజీ తన జీతం నుండే చాలా సొమ్ము వెచ్చించాడు.

1810లో ఆయన మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యాడు. మరుసటి ఏడే మళ్లీ సముద్రం దాటవలసి వచ్చింది. డచ్చివారి అధీనంలోని జావా దీవి మీదికి ఆంగ్లేయులు దండెత్తినప్పుడు ముఖ్య ఇంజనీరుగా వెళ్లి, దీవి చేజిక్కిన తరువాత రెండేళ్లు అక్కడే ఉన్నాడు. డచ్చి కచేరీలలోని పాత పటాలను, లెక్కలను వెదికి సేకరించాడు. భూమి హక్కుల పద్ధతులను విచారించాడు. 1812లో ప్రంబానన్ ఆలయ శిథిలాలను చూసి వాటిని గురించి వ్రాశాడు. దీవిలో పుట్టినవాడికి దీవి పటం గీసే అవకాశం అలా యుద్ధం వల్ల కలిగింది. ఆయన వివాహం కూడా అక్కడే జరిగింది.

1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. కలకత్తాకు వెళ్లేముందు, 1816లో, అమరావతికి వెళ్లాడు. దిబ్బ నడిమి భాగాన్ని అప్పటికే చెరువుగా తవ్వివేశారు. పలకలు చెల్లాచెదురయ్యాయి; కొన్ని కట్టడాలలో కలిసిపోయాయి. మొదటిసారి చూసినప్పుడే అక్కడ చిత్రకారులను నిలపగలిగి ఉంటే ఎంత మిగిలేదో! ఇక మిగిలిన దాన్నైనా దక్కించుకోవాలని ఆయన తన చిత్రకారులను అక్కడ నిలిపి, దిబ్బకు పటం గీయించి, శిల్పాలకు ఒక్కొక్కటిగా నకళ్లు తీయించాడు. ఆ నకళ్లలోని కొన్ని శిల్పాలు తరువాత కనబడకుండా పోయాయి. వాటికి ఇప్పుడు ఆ కాగితమే రూపం.

1821 మే 8న కలకత్తా సమీపాన మెకంజీ కన్నుమూశాడు. ఆయన సేకరణను భార్య వద్ద నుండి ప్రభుత్వం కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో దాని సూచికను ప్రకటించాడు. దాని ప్రకారం 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాలు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నాయి. విల్సన్ సంస్కృత పండితుడే కాని దక్షిణాది భాషలు ఎరుగడు. వాటిని ఎరిగిన లక్ష్మయ్య, అసంపూర్తిగా మిగిలిన పనిని తాను కొనసాగిస్తానని ఏలినవారికి విన్నవించుకున్నాడు. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పెద్దలు ఆయనకు ఆ యోగ్యత లేదని తేల్చారు. ఎవరు సేకరించగా ఆ రాశి పోగైందో వారికే దానిని చదివే యోగ్యత లేదన్నారు!

కాలక్రమంలో కాగితాలకు చెద పట్టింది, సిరా వెలిసింది. సి.పి. బ్రౌన్ పూనుకొని కైఫీయత్తులకు ప్రతులు వ్రాయించకపోతే తెలుగు గ్రామాల చరిత్ర చాలా వరకు అంతరించేది. ఆ ప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. దీపాలదిన్నె దగ్గర గీసిన చిత్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.