వరాహగిరి వేంకటగిరి: తీర్పుకై పదవిని విడిచిన మంత్రి
న్యాయపీఠముపై ఎవరు కూర్చుండవలెనను ప్రశ్న న్యాయవాదులదే కాదు, కూలివానిది కూడ. 1930లో అమెరికా అధ్యక్షుడు హూవరు, జాన్ పార్కరును సుప్రీముకోర్టు న్యాయమూర్తిగా ప్రతిపాదించెను. సంఘములలో చేరనని కార్మికులచే వ్రాయించుకొను ఒడంబడికలను సమర్థించిన తీర్పు పార్కరుది. కావున కార్మికసంఘములు ఎదిరించెను. నల్లజాతివారి సంఘమును ఎదిరించెను. సెనేటు 41–39 ఓట్లతో ఆ ప్రతిపాదనను త్రోసిపుచ్చెను.

మన దేశమున న్యాయమూర్తుల నియామకమునకు అట్టి బహిరంగవిచారణ లేదు. కాని వెలువడిన తీర్పునే పాలకులు మార్చగా కార్మికుడు నష్టపోయిన సందర్భము కలదు. అపుడు వాని పక్షమున నిలిచినవాడు ఆంధ్రుడు, వరాహగిరి వేంకటగిరి.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురమున జన్మించెను. 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిను వెళ్లి, ఐర్లండు స్వాతంత్ర్యవాదులతోడి సంబంధముచేత 1916లో ఆ దేశమును విడువవలసివచ్చెను. స్వదేశమున రైల్వే కార్మికులను సంఘటితపరచుటకు పూనుకొనెను. రైలు పనివాని బ్రతుకెట్టిదో బెజవాడవారికి చెప్పనక్కరలేదు. 1927లో బెంగాలు నాగపూరు రైల్వే సమ్మెకు నాయకుడయ్యెను. 1937లో బొబ్బిలి రాజాను ఎన్నికలో ఓడించి మద్రాసు మంత్రివర్గమున కార్మికశాఖను వహించెను. 1952లో కేంద్రమున అదే శాఖను చేపట్టెను.

కార్మికవివాదములను నిర్బంధముగా ట్రిబ్యునళ్లకు పంపుట గిరికి సమ్మతము కాదు. యజమానియు కార్మికుడును ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనుటయే మేలని ఆయన మతము. అయినను, 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతభత్యములపై కార్మిక అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము ఉద్యోగులకు ప్రతికూలముగా మార్చినంతనే మంత్రిపదవిని త్యజించెను. ఇందు వైరుధ్యము లేదు. పద్ధతి తనకు నచ్చనిదే కావచ్చును. దానిని నమ్మి వచ్చినవానికి దాని ఫలము దక్కవలెను గదా!

బందరు జిల్లా న్యాయస్థానమున గట్టు తగవులో ఓడిన రైతు అప్పీలు చేసికొనవచ్చును గాని, తీర్పును తానే దిద్దుకొనజాలడు. రైతునకు లేని ఆ వెసులుబాటు ప్రభుత్వమునకు మాత్రము ఎందులకుండవలెను? పిదప గజేంద్రగడ్కరు విచారణసంఘము, ట్రిబ్యునలు తీర్పును కొన్ని మార్పులతో పునరుద్ధరింపవలెనని సిఫారసు చేసెను. 1955లో పార్లమెంటు అందుకు శాసనము చేసెను.

గిరి 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా నుండి, 1980 జూన్ 24న మద్రాసున దివంగతుడయ్యెను. అనుకూలమైన తీర్పును ఎవ్వరైనను మన్నింతురు. ప్రతికూలమైనదానిని మన్నించునపుడే యజమాని ధర్మమును, పాలకుని ధర్మమును తేటపడును. ఆ ధర్మము తప్పిన ప్రభుత్వమున మంత్రిగా నుండుటకు గిరి ఒడంబడలేదు.